డప్పు లేకపోతే తెలుగు బ్యాండ్ కాదా? మా నలుగురి మధ్య గొడవ, మీరే తేల్చండి

నాలుగోతీగ:
ముందు సంగతంతా చెప్తాను, తర్వాత తిట్టండి.

మేం నలుగురం, మౌలాలి రైల్వే క్వార్టర్స్ చుట్టుపక్కల వాళ్ళం. నేనూ గిటారిస్టూ ఒకే బడి. డ్రమ్మరూ సింగరూ ఇంజినీరింగ్‌లో తగిలారు. గిటారిస్టు వాళ్ళ నాన్న దగ్గర ఇళయరాజా క్యాసెట్లు ట్రంకు పెట్టె నిండా ఉండేవి. డ్రమ్మర్ సికింద్రాబాద్‌లో చర్చి క్వైర్ వెనక కూచుని డోలక్ కొడుతూ పెరిగాడు. నాకైతే అన్నయ్య హాస్టల్ నుంచి తెచ్చిన ఎంపీ3 సీడీలే గురువులు, ఒక్కోదాంట్లో నూట యాభై పాటలు, సగం పేర్లు తప్పు. కాలేజీ ఫెస్టుల్లో మెటాలికా, లింకిన్ పార్క్ కవర్లు కొట్టాం. ఎవడో కింద నుంచి "మీ పాట ఒకటి కొట్టండ్రా" అని అరిస్తే మా దగ్గర ఒక్కటీ లేదు. ఆ సిగ్గుతో మొదలైంది. మూడేళ్లలో తొమ్మిది పాటలయ్యాయి, అన్నీ తెలుగే.

పోయిన నెల చిన్న షో, అరవై మంది ఉంటారేమో. అయిపోయాక ఒక పెద్దాయన వచ్చి "బాగా వాయించారు బాబూ, కానీ ఇంగ్లిష్ సినిమా తెలుగు డబ్బింగ్‌లో చూసినట్టుంది. ఒక డప్పు పెట్టండి, తెలుగుదనం వస్తుంది" అన్నాడు. అంతే, ఆ రాత్రి నుంచి బ్యాండ్ రెండు ముక్కలు. గిటారిస్టు అప్పుడే నెట్‌లో డప్పు లూప్‌ల ప్యాక్, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన దెబ్బలు, కొనేశాడు. డ్రమ్మర్ "లూప్ పెడితే నేనెందుకు, దాన్నే తీసుకెళ్లండి షోకి" అని అలిగాడు. సింగర్ ఏమీ అనడు, ఎప్పుడూ అనడు. నాకు ఆయన మాట గుచ్చుకుంది కానీ డప్పు మందు అవుతుందని నమ్మకం లేదు. మా పాట రికార్డింగ్ ఒకటి కూడా పెడుతున్నాను, వినండి. మీరేమంటారు?

సౌండ్‌చెక్:
పెట్టు తమ్ముడూ, ఇందులో గొడవేముంది. పదేళ్లుగా ఈ ఊళ్ళో స్టేజీల మీద వైర్లు గుంజుతున్నా. షో ఇచ్చేవాడు అడిగే మొదటి ప్రశ్న "ఫోక్ ఫ్యూజనా?" అనే, అంటే జానపదం కలిపారా అని. తైక్కుడం బ్రిడ్జ్ బ్యాండ్ 2013లో కేరళలో మొదలై దేశమంతా ఎందుకు తిరిగింది? మనూళ్ళోనే చౌరస్తా బ్యాండ్ వాళ్ళు రెగే లయ మీద పల్లె మాట పెడితే జనం ఎగబడి విన్నారు. జనానికి ఎక్కడో ఒకచోట చెవి ఆనాలి కదా. మీ రిఫ్‌లు, అదే గిటార్ మీద మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలు, ఎంత బాగున్నా మియాపూర్ నుంచి వచ్చిన బాబాయికి అవి కొత్త. డప్పు పడగానే కాలు కదులుతుంది. కాలు కదిలితే మళ్ళీ పిలుస్తారు. పిలిస్తే జామ్ రూమ్ అద్దె వస్తుంది. ఇంతకంటే లోతుగా నేను ఆలోచించను, క్షమించాలి.

చిర్రా_సిటికెనా:
కాలు కదులుతుందట. అన్నా, మా తాత డప్పు కొట్టేవాడు. ఊళ్ళో పెళ్ళికీ, చావుకీ, జాతరకీ ఆయనే కావాలి, కానీ కొట్టడం అయిపోయాక ఆయన కూచునే చోటు వేరు, తాగే గ్లాసు వేరు. మాదిగ డప్పు అని తిట్టులా వాడిన వాద్యం అది. ఆత్మగౌరవ సభల్లో, తెలంగాణ ఉద్యమంలో వందల డప్పులు ఒకేసారి మోగాక కదా స్టేజీ ఎక్కడం మొదలైంది. ఇప్పుడది "తెలుగుదనం" కోసం చల్లే కొత్తిమీర అయిపోయిందా?

ఇంకో సంగతి. ఆ లూప్ ప్యాక్‌లో ఉన్నది ఏ దెబ్బో మీ గిటారిస్టుకు తెలుసా? చావు దెబ్బ వేరు, పెళ్ళి దెబ్బ వేరు, అమ్మవారిని పిలిచే దెబ్బ వేరు. మీ ప్రేమ పాట కింద శవయాత్ర దెబ్బ మోగుతుంటే తెలిసినవాడు పగలబడి నవ్వుతాడు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల, రెండూ రెండు రకాలుగా మాట్లాడతాయి. తోలును మంటకు కాచి బిగువు తెచ్చుకోవాలి, ఏసీ హాల్లో అరగంటకే సాగిపోతుంది. మంట పెట్టుకోనిస్తారా ఏ పబ్బులోనైనా? అందుకే చాలామంది ఇప్పుడు ఫైబర్ డప్పుకు మారారు, దాని మోత నాకు నచ్చదు, అది వేరే విషయం. కావాలంటే కొట్టేవాణ్ణి బ్యాండ్‌లోకి తీసుకోండి, వాటా ఇవ్వండి, పాట కట్టేటప్పుడు పక్కన కూచోబెట్టండి. లూప్ మాత్రం వద్దు.

సౌండ్‌చెక్:
తప్పు నాదే అన్నా, ఆ కోణం నాకు తట్టలేదు. మంట సంగతి మాత్రం నిజం, ఒకసారి బయట పార్కింగ్‌లో పాత పేపర్లు కాల్చి కాచుకుంటుంటే సెక్యూరిటీ వాళ్ళు నీళ్ళు పోశారు.

ఛందస్సుపిచ్చి:
అందరూ వాద్యం దగ్గర కొట్టుకుంటున్నారు, జబ్బు ఇంకెక్కడో ఉంది. నాలుగోతీగ గారు పైన పెట్టిన రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. కోరస్‌లో "నది దాటితే" అని రాసుకున్నారు, సింగర్ పాడింది "నాది దాటితే" అని. ఎందుకంటే ట్యూన్‌లో మొదటి స్వరం పొడుగు, రెండోది పొట్టి. నది అంటే రెండూ లఘువులే, పొట్టి అక్షరాలే, సాగదీయగానే అర్థమే మారిపోయింది. రెండో చరణంలో "కల" కాస్తా "కాల" అయింది. ఇంగ్లిష్‌లో అచ్చును ఎంత సాగదీసినా మాట మారదు, వాళ్ళకు ఊనిక ముఖ్యం. మనకు నిడివే ప్రాణం. పలక వేరు, పాలక వేరు. గురువు లఘువు చూసుకోకుండా పెడితే ఆ పెద్దాయన అన్నట్టు అచ్చంగా డబ్బింగే, పెదాలు ఒకటి అంటుంటే చెవికి ఇంకోటి వినిపిస్తుంది. ఆయనకు తేడా తెలిసింది, కారణం చెప్పలేక డప్పు మీదకు తోశాడు.

మీరు పాట ఎలా కడతారో ఊహించగలను. ముందు రిఫ్, దాని మీద ఏదో ఉత్తుత్తి ఇంగ్లిష్‌లో కూనిరాగం, ఆఖరికి ఆ అచ్చులో తెలుగు పోయడం. అవునా కాదా? సినిమావాళ్ళూ ట్యూన్‌కే రాస్తారు కదా అనకండి. వాళ్ళకు సంగీత దర్శకుడు "తననా తానా" అని ఇస్తాడు, ఏది పొట్టి ఏది పొడుగు అందులోనే ఉంటుంది. మీ "బేబీ ఐ నో"లో ఉండదు.

రాక్‌కు తెలుగు పనికిరాదని, మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి రిఫ్ మీద కరుగ్గా పడవని ఒక వాదన తిరుగుతుంటుంది. ఒత్తులు ఎక్కడికి పోయాయి? "కట్టె, కొట్టె, తెచ్చె" అని రామాయణం మొత్తం మూడు ముక్కల్లో చెప్పిన జాతి మనది. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు. మూడేసి మాత్రల చొప్పున తొమ్మిది మాత్రలు, గిటార్ చేత్తో నొక్కిపట్టి కొట్టి చూడండి. లెక్కల లయలతో ఆడే ప్రోగ్ రాక్ వాళ్ళు ఏడు దెబ్బల 7/8 అని మీసం తిప్పుతారు. మూడూ నాలుగూ కలిపిన మిశ్రగతిలో గురజాడ ముత్యాల సరాలు 1910లోనే వచ్చాయి. తొమ్మిదో తరగతిలో మన చేత బట్టీ పట్టించారు కానీ అది డ్రమ్స్ మీద కొట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

సౌండ్‌చెక్:
గురువు గారూ, మాత్రలు లెక్కపెట్టుకుంటూ కూచుంటే ఈ జన్మకు పాట రాదు. ఇండియన్ ఓషన్ బ్యాండ్ వాళ్ళ 'కందీసా' 2000లో వచ్చింది, అందులో మాటలు సిరియాక్ అనే పాత భాషవి, ఇక్కడ ఒక్కడికీ అర్థం కాలేదు, అయినా ఇంజినీరింగ్ హాస్టళ్ళన్నీ ఊగిపోయాయి. మాట అర్థం కాకపోయినా పాట పడుతుంది.

ఛందస్సుపిచ్చి:
అది కేరళ సిరియన్ క్రైస్తవులు తరతరాలుగా పాడుకుంటున్న ప్రార్థన. ఆ మాటలు ఆ రాగంలో ఎప్పుడో కుదురుకున్నాయి. అర్థం కాని మాటను సరిగ్గా పాడటం వేరు, అర్థమయ్యే మాటను తప్పు పాడటం వేరు. మీ ఉదాహరణ నా వైపే వాదిస్తోంది, థాంక్స్.

బార్కస్‌భాయ్:
ఇంతసేపు హైదరాబాద్ బ్యాండ్ గురించి మాట్లాడి మార్ఫా పేరు ఎవరూ ఎత్తలేదంటే నవ్వొస్తోంది భాయ్. నిజాం ఫౌజులో పనికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళ వీధి మాది, బ్యారక్స్ అన్న మాటే నలిగి బార్కస్ అయింది. అటు ఏసీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, సిద్దీలది. వాళ్ళ డోళ్ళూ డఫ్‌లూ కలిసి పుట్టిన మోత మార్ఫా. ముస్లిం బారాత్‌లోనూ మార్ఫానే, గణేశ్ నిమజ్జనంలోనూ మార్ఫానే, ఎన్నికల్లో ఏ పార్టీ గెలిచినా మార్ఫానే. మౌలాలి పిల్లలు బతుకంతా ఏ మోత మధ్య పెరిగారు? అది వదిలేసి, ఎప్పుడూ ఉండని పల్లెటూరి డప్పును నెట్‌లో కొనడమేంది? మీ డ్రమ్మర్‌కు ఊళ్ళో వినిపించేదంతా చేతుల్లో ఇప్పటికే ఉండి ఉంటుంది, వాణ్ణి కొట్టనివ్వండి.

చిర్రా_సిటికెనా:
"పల్లెటూరి డప్పు" అనకండి భాయ్. బోనాలప్పుడు గోల్కొండలో, లాల్‌దర్వాజలో పోతరాజు దేనికి ఆడుతున్నాడు? డప్పూ ఈ ఊరిదే. మిగతాదంతా ఒప్పుకుంటా.

బార్కస్‌భాయ్:
సరే అన్నా, ఆ మాట వెనక్కి తీసుకున్నా. మార్ఫా మాత్రం తీసుకోను.

పక్కింటక్క:
నేను సంగీతం మనిషిని కాదు, మా పై అంతస్తులో ఇలాంటి బ్యాండ్ ఒకటి రెండేళ్లుగా ప్రాక్టీస్ చేస్తుంటే వినక తప్పనిదాన్ని. గోడల నిండా గుడ్ల అట్టలు అతికించారు పాపం. దాంతో గదిలో గింగురు తగ్గుతుందేమో కానీ చప్పుడు బయటికి రాకుండా ఆగదు బాబూ. రాత్రి పది దాటితే రూల్ ప్రకారం ఇళ్ళ మధ్య 45 డెసిబెల్స్ దాటకూడదు, పగలైతే 55. మా వాళ్ళ బేస్ గిటార్‌కు మా గిన్నెల స్టాండ్ మోగుతుంది.

అయినా ఒకటి గమనించాను. వాళ్ళు పాడేది "నీ స్మృతుల నీడలో" ఇలాంటివి. మెట్లు దిగుతూ ఒకర్నొకరు తిట్టుకునేది మాత్రం "ఏందిరా బై, గట్ల జేస్తివి" అని. ఆ తిట్టుకోవడంలో ఉన్న లయ పాటలో సగమున్నా నేను టికెట్ కొని వెళ్తాను. నాలుగోతీగ, నువ్వు ఇక్కడ రాసిన మొదటి పోస్టు చదివితే నవ్వొచ్చింది, నీ పాట వింటే రాలేదు. పాటలో నువ్వు ఎవరిలా మాట్లాడుతున్నావు తమ్ముడూ?

సౌండ్‌చెక్:
అక్క ఒక్కదెబ్బకు ముగ్గుర్ని కొట్టింది.

ఛందస్సుపిచ్చి:
యాసకూ ఛందస్సుకూ తగువు లేదు, ఒగ్గు కథ విన్నవాళ్ళకు తెలుసు. పుస్తకంలో మాట తెచ్చి పెట్టుకుంటేనే మాత్రలు తప్పుతాం, మాట్లాడే మాటకు నిడివి నోటికే తెలుసు.

కొత్తగా చేరాను:
ఒక అనుమానం. ఇవన్నీ పాటించాక అది ఇంకా రాకేనా? నాకు రాక్ నచ్చేదే అది మా ఇంటి వాసన కొట్టదు కాబట్టి. అందరూ వేళ్ళు వెతుక్కోవాలని ఏముంది? తిరువనంతపురం అవియల్ బ్యాండ్ వాళ్ళు 2008 ఆల్బమ్‌లో పూర్తిగా మలయాళంలోనే, పూర్తిగా రాకే చేశారు, ఎవరూ డబ్బింగ్ అనలేదు.

ఛందస్సుపిచ్చి:
వాళ్ళు మలయాళాన్ని మలయాళంలా పాడారు కాబట్టి. వాసన గురించి నేనేమీ అనలేదు బాబూ, మీ ఇష్టం.

నాలుగోతీగ:
రెండు రోజులుగా లాగిన్ అవలేదు, నైట్ షిఫ్టులు. అంతా చదివాను, ఛందస్సు గారి పోస్టు ప్రింట్ తీసి సింగర్ చేతిలో పెట్టాను. వాడు మూడేళ్లలో మొదటిసారి నోరు తెరిచి "నాకు అది పాడేటప్పుడు ఎప్పుడూ నాలుక తడబడేది, చెప్తే నవ్వుతారని చెప్పలేదు" అన్నాడు. అవును, "బేబీ ఐ నో" కూడా కరెక్టే, ఎలా కనిపెట్టారో.

నిన్న "నది" తీసేసి "ఏరు" పెట్టాం. ఏరు దాటితే. ట్యూన్ ఒక్క స్వరం కూడా మార్చలేదు, మాట వెళ్ళి కూచుంది. పాడి ఆపగానే డ్రమ్మర్ "ఏరు దాటాక బోడి మల్లయ్యేగా" అని అందుకున్నాడు, ఇప్పుడు అదే రెండో లైను. నవ్వులాటకు పెట్టాం కానీ ఉంచేస్తామేమో. పాట ప్రేమ పాటగా మొదలై ఇప్పుడు మా పాత మేనేజర్ మీద పాటలా తయారైంది.

లూప్ తీసేశాం. గిటారిస్టు ప్యాక్ డబ్బులు బ్యాండ్ ఖాతాలోంచి ఇవ్వమంటున్నాడు, నేను ఇవ్వను. చిర్రా అన్నా, ఆ ప్యాక్‌లో మూడో దెబ్బ వినిపించాలి మీకు, అది దేనిదో చెప్పండి. చావు దెబ్బే అయితే వాడికి మీరే చెప్పాలి, మేం చెప్తే నమ్మడు. ఆదివారం పొద్దున పదింటికి మౌలాలి కమాన్ దగ్గర ఉంటాం.

చిర్రా_సిటికెనా:
వస్తా. టీ మీది.