తుపాకి మడమ: స్టాక్, బట్, హీల్ మూడింటికీ ఈ ఒక్క మాట చాలుతుందా?

మా అమ్మాయికి పన్నెండేళ్లు. హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. వాళ్ల బ్యాచ్‌లో సగం మంది తల్లిదండ్రులకు ఇంగ్లీషు కేటలాగు చదవడం కష్టం. రైఫిల్‌కి విడిగా దొరికే స్టాకులు (గొట్టాన్ని మోసే, చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే చట్రాలు), చెంప దగ్గర బిగించే ముక్కలు, పట్టీలు, బరువులు వగైరాల్లో పిల్లకి ఏది పనికొస్తుందో, ఏది అనవసరమో తెలియక, షాపులో చూపించిందల్లా కొనేస్తున్నారు. వాళ్ల కోసం తెలుగులో ఒక నాలుగు పేజీలు రాద్దామని కూర్చున్నాను. మొదటి పేజీ దాటలేకపోతున్నాను.

ఎందుకో చెబుతాను. తెలుగులో 'తుపాకి మడమ' అనే మాట మనందరికీ తెలుసు. 'తుపాకి మడమతో కొట్టారు' అని పేపర్లో చదువుతూనే ఉంటాం. భుజానికి ఆనించే వెనక భాగం అది. ఇంగ్లీషులో దాన్ని బట్ అంటారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ బట్‌కి రెండు కొసలుంటాయి. పై కొసని హీల్ అంటారు, కింది కొసని టో, అంటే కాలివేలు, అంటారు. అంటే మనం మొత్తానికి మడమ అని పేరు పెడితే, వాళ్లు పైఅంచుకు మాత్రమే మడమ అని పేరు పెట్టారు.

దీనివల్ల మా ఇంట్లోనే ఒక పొరపాటు జరిగింది. సెట్టింగుల కాగితంలో 'హీల్‌ని కొద్దిగా ముందుకు వంచండి' అని ఉంది. నేను మడమని ముందుకు జరపమన్నారనుకుని, బట్ ప్లేట్‌కీ (భుజానికి తగిలే పలక) స్టాక్‌కీ మధ్య పొడవు పెంచడానికి పెట్టే రెండు బిళ్లలు, అంటే స్పేసర్లు, తీసేసి మొత్తం మడమనే దగ్గరికి తెచ్చాను. నాలుగు రోజులు పిల్ల ముక్కు తన బొటనవేలికి తగులుతూ ఉంది, మెడ పట్టేసింది, షాట్లు ఎటుపడితే అటు పోయాయి. తనకి చేతకావట్లేదేమో అని ఒక రాత్రి ఏడ్చింది కూడా. కోచ్ చూసి, 'సార్, పైఅంచు వంచమన్నారు, మడమ తగ్గించమనలేదు' అని స్పేసర్లు మళ్లీ పెట్టించారు. ఒక్క మాటను నేను సరిగ్గా తెలుగు చేసుకోకపోవడం వల్ల పిల్ల నాలుగు రోజులు బాధపడింది. అందుకే ఈ మాటలు తేల్చుకోకుండా ముందుకు పోలేను.

నాకు కావలసినవి: స్టాక్ మొత్తానికి ఒక మాట, హీల్, టోలకు మాటలు, చీక్ పీస్ (చెంప ఆనించే ముక్క), లెంగ్త్ ఆఫ్ పుల్ (ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా దూరం), ఇంకా ఆఫ్టర్‌మార్కెట్ (రైఫిల్ కంపెనీ ఇచ్చింది కాకుండా బయట దొరికేవి), యాక్సెసరీస్ అనే రెండు. నిఘంటువులో ఉన్నా సరే, నోట్లో ఉన్నా సరే, చెప్పండి.

జవాబు (రిటైర్డ్ సుబేదార్, ప్రకాశం జిల్లా):

ఫౌజులో మేము తెలుగువాళ్లం కూడా బట్ అనే అనేవాళ్లం. హిందీలో కుందా. 'కుందాని కంధాలో (భుజంలో) గట్టిగా ఆనించు' అని చెప్పేవారు. ఇంటికొచ్చి మా నాన్నకి చెప్పేటప్పుడు మాత్రం మడమ అనే మాటే వచ్చేది. ఎందుకో మీరు ఆలోచించారా? మనం తుపాకి పేలిస్తే 'వెనక్కి తన్నింది' అంటాం. తన్నేది మడమే కదా. భుజానికి సరిగ్గా ఆనించకపోతే ఆ తన్ను ఎముకకి తగులుతుంది. మాట పెట్టినవాడు తుపాకి పట్టినవాడే అయుంటాడని నా నమ్మకం. ఎయిర్ రైఫిల్ పెద్దగా తన్నదు గానీ, మాట మార్చకండి.

హీల్, టోలకు 'పైమడమ, కిందిమడమ' అంటే చాలు. కాలివేళ్ల జోలికి వెళ్లొద్దు.

జవాబు (తెలుగు ఉపాధ్యాయిని, రాజమండ్రి):

సుబేదారు గారు కుందా అన్నారు. ఆ మాటకు ఉర్దూలో దుంగ, మొద్దు అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులో స్టాక్ అన్న మాటకు కూడా పాత అర్థం చెట్టు మొద్దే. అంటే రెండు భాషలవాళ్లూ గొట్టాన్ని మోసే చెక్కని చూసి పేరు పెట్టారు. మనం భుజానికి తగిలే చోటుని చూసి, కాలితో పోల్చి పేరు పెట్టాం. అందుకే మనకి వెనక భాగానికి మంచి మాట ఉంది, మొత్తానికి లేదు. మీరు మొదటి పేజీలో ఆగిపోయింది మీ లోపం వల్ల కాదు.

మొత్తానికి 'తుపాకి కొయ్య' అందాం అని నా సూచన. రైఫిల్‌కి అయితే 'రైఫిల్ కొయ్య'. ఎడమచేయి పట్టుకునే భాగం ముందుకొయ్య, కుడిచేయి పట్టుకునేది పిడి, వెనకది మడమ. కత్తికి పిడి ఉన్నట్టే ఇదీ. ఈ మూడూ మన ఇళ్లలో ఉన్న మాటలే.

ఒక్క జాగ్రత్త. 'తుపాకి కొయ్య' వేరు, 'కొయ్య తుపాకి' వేరు. మా చిన్నప్పుడు పిట్టలదొర వేషం వేసుకుని ఖాకీ చొక్కాతో కోతలు కోస్తూ వచ్చేవాడు, అతని చేతిలో ఉండేది కొయ్య తుపాకి. ముందు వచ్చిన మాట వెనక మాటకి విశేషణం అవుతుంది కాబట్టి వరుస తిరగబడితే అర్థమే తిరగబడుతుంది. మీ పేజీల్లో ఎక్కడా ఈ వరుస తప్పకుండా చూసుకోండి.

జవాబు (డాలస్ నుంచి):

అక్కా, కొయ్య బాగుంది గానీ ఇప్పుడు కొయ్యవి ఎన్ని ఉన్నాయి? నా దగ్గర రూగర్ 10/22 ఉంది. 1964 నుంచి వస్తున్న .22 రైఫిల్, ఇక్కడ కొత్తగా గురి నేర్చుకునేవాళ్లు ఎక్కువగా కొనేది ఇదే. దీనికి బయట దొరికే స్టాకులకు లెక్కలేదు. బాయిడ్స్ వాళ్లు పొరలు పొరలుగా అతికించిన చెక్కతో చేస్తారు, మాగ్‌పుల్ వాళ్లది పాలిమర్, హోగ్ వాళ్లది పైన రబ్బరు పూత, ఇంకొందరు స్టాక్ బదులు అల్యూమినియం చట్రం, అంటే చాసిస్, అమ్ముతారు. అల్యూమినియందాన్ని కొయ్య అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఆఫ్టర్‌మార్కెట్ గురించి ఒక మాట. మన దగ్గర బండి మెకానిక్‌లు 'కంపెనీది', 'లోకల్' అని రెండే చెబుతారు. కంపెనీది కాకపోతే నాసిరకం అనే అర్థం వచ్చేస్తుంది. ఇక్కడ పరిస్థితి అలా కాదు. నా 10/22కి కంపెనీ ఇచ్చిన స్టాక్ కంటే నేను విడిగా కొన్నదే నా ఒంటికి సరిపోయింది. కాబట్టి దయచేసి 'లోకల్' అని మాత్రం రాయకండి. 'విడిగా కొనేవి' అంటే చాలనిపిస్తోంది.

జవాబు (రాజమండ్రి, మళ్లీ):

తమ్ముడూ, నువ్వు మంచినీళ్లు దేనిలో తాగుతావు? స్టీలు గ్లాసులో. గ్లాసు అంటే గాజు, అది స్టీలుది ఎలా అయింది? మీ అమ్మగారి చేతికి బంగారు గాజులు ఉంటాయి. గాజు బంగారంది ఎలా అయింది? వస్తువు పేరు స్థిరపడ్డాక దాని పదార్థం మారినా పేరు మారదు. అల్యూమినియం కొయ్య అనడానికి మన భాష ఎప్పుడో ఒప్పుకుంది. 'విడిగా కొనేవి' మాత్రం బ్రహ్మాండంగా ఉంది, దానికి సమాసం వెతకొద్దు.

జవాబు (డాలస్):

బంగారు గాజులతో నా నోరు మూయించారు అక్కా. ఒప్పుకున్నాను. కొయ్య.

జవాబు (రైఫిల్ కోచ్, గుంటూరు):

సార్, చీక్ పీస్ గురించి ఎవరూ చెప్పలేదు, నాకు అదే ముఖ్యం. పిల్లలకి రోజూ తెలుగులోనే నేర్పుతాను కాబట్టి ఇది నా నోట్లో నలిగిన విషయం. మొదట్లో 'బుగ్గ ఆనించు' అనేవాణ్ణి. పిల్లలు బుగ్గ అనగానే మెత్తటి కండని నొక్కేవాళ్లు. కండ జారుతుంది, జారితే కన్ను కదులుతుంది, కన్ను కదిలితే గురి మారుతుంది. 'దవడ' అంటే పళ్లు బిగించేవాళ్లు, మెడ బిగుసుకుపోయేది. 'చెంప' అన్నాక మార్పు వచ్చింది. చెంప అనగానే పిల్లలు కంటి కింద ఎముక దగ్గర ఆనిస్తున్నారు. బుగ్గకీ చెంపకీ ఇంగ్లీషులో చీక్ అనే ఒక్క మాటే, కానీ మనకి బుగ్గ, దవడ, చెంప ముఖంలో మూడు వేర్వేరు చోట్లు. కాబట్టి చీక్ పీస్‌కి చెంపదిండు అనండి. తల బరువంతా దిండు మీద వదిలేసినట్టు వదిలేయాలి అనే సంగతి కూడా అందులోనే వస్తుంది.

చెంపదిండు ఎత్తు సరిపోయిందో లేదో చూడటానికి నేను చేయించేది ఇది. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప వాల్చి, ఒక ఊపిరి వదిలాక కళ్లు తెరవాలి. వెనక సైటు బెజ్జం లోంచి ముందు రింగు నేరుగా కనిపించాలి. దాని కోసం తల పైకీ కిందికీ వెతుక్కుంటుంటే చెంపదిండు ఎత్తు మార్చాలి, తల మార్చకూడదు. 10 మీటర్ల పోటీలో టెలిస్కోపు పెట్టనివ్వరు, బెజ్జం లోంచే చూడాలి. సూది బెజ్జం అంటామే, అదే మాట. 'గురిబెజ్జం' అని నా పిల్లలే అనడం మొదలుపెట్టారు.

టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) 4.5 మిల్లీమీటర్లు. 75 నిమిషాల్లో 60 సార్లు అంత చిన్న చుక్క మీద కొట్టాలంటే రైఫిల్ ఒంటికి అతికినట్టు ఉండాలి. పిల్లని రైఫిల్‌కి తగ్గట్టు వంచితే పది షాట్లు కుదురుతాయి, అరవై కుదరవు. మీ అమ్మాయికి మెడ పట్టేయడం అందుకే సార్. చేతకాకపోవడం కాదని తనకి చెప్పండి.

ఇంకో విషయం కూడా మీ పేజీల్లో తప్పకుండా రాయండి. బొటనవేలు దూర్చుకునే రంధ్రం ఉన్న కొయ్యలు చూడటానికి బాగుంటాయి, సరదాగా కొట్టుకోవడానికి పట్టు కూడా బాగుంటుంది. కానీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అంతర్జాతీయ నియమాలు వాటిని ఒప్పుకోవు. అరచేతికి ఆనుకునే పామ్ రెస్ట్ కూడా కుదరదు. రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. తెలియక బరువులు మీద బరువులు కొని, పోటీ రోజు తూకంలో టెన్షన్ పడేవాళ్లని చూశాను.

జవాబు (సుబేదార్):

కోచ్ గారూ, మీరు చెప్పిన బుగ్గ, దవడ, చెంప తేడా చదివి చాలా సంతోషం వేసింది. నలభై ఏళ్ల కిందట మాకు ఎవరైనా ఇలా తెలుగులో చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

జవాబు (డాలస్):

లెంగ్త్ ఆఫ్ పుల్ సంగతి నేను చెబుతాను. ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా ఉండే దూరం అది. ఇక్కడ పెద్దవాళ్ల కొయ్యలు చాలావరకు 13.5 అంగుళాల దగ్గర ఉంటాయి. మా ఆవిడకి అది ఎక్కువైంది, నడుము వెనక్కి వంచి నిలబడేది. రెండు స్పేసర్లు తీశాక నిటారుగా నిలబడింది. ఒకాయన దీన్ని 'లాగుడు పొడవు' అని తెలుగు చేశాడు. అది చదివితే ట్రిగ్గర్ ఎంత దూరం లాగాలో చెబుతున్నారనుకుంటారు, అర్థం పూర్తిగా వేరే అయిపోతుంది.

జవాబు (రాజమండ్రి):

ట్రిగ్గర్‌కి తెలుగులో మీట ఉంది. మనం మీట నొక్కుతాం, లాగం. కాబట్టి పుల్ అనే మాటనే వదిలేయండి. మీట నుంచి మడమ దాకా దూరం. 'మీట–మడమ దూరం' అంటే నోటికి కూడా పట్టుగా ఉంటుంది, పిల్లలు ఒక్కసారికి గుర్తుపెట్టుకుంటారు.

జవాబు (కోచ్):

మీట–మడమ! రేపటినుంచే వాడతాను మేడమ్.

మొదట అడిగిన వ్యక్తి:

అందరికీ నమస్కారం. రాత్రంతా చదివాను. ఒక్క యాక్సెసరీస్ దగ్గర మాత్రం నా మాట నేను చెబుతాను. కొందరు మిత్రులు విడిగా మెసేజ్ చేసి 'హంగులు' అనమన్నారు. హంగు అంటే అందం కోసం పెట్టేది అనే ధ్వని ఉంది. చెంపదిండు హంగు కాదు, అది లేకపోతే చిన్నపిల్ల మెడ నొప్పితో ఇంటికొస్తుంది. రంగు స్టిక్కర్లు, మెరిసే స్క్రూలు మాత్రమే హంగులు. ఈ తేడా తల్లిదండ్రులకు తెలియడం కోసమే నేను రాస్తున్నాను కాబట్టి రెంటినీ ఒక మాటలో కలపను. ఒంటికి సరిపెట్టేవాటిని 'అమరికలు' అంటాను, మిగతావాటిని హంగులు అంటాను. ఏది ముందు కొనాలో పేరులోనే తెలుస్తుంది.

రెండో పేజీ ఇలా మొదలుపెట్టాను, తప్పులుంటే సరిదిద్దండి:

'కొత్త కొయ్య కొనేముందు పాతదాన్ని పిల్ల ఒంటికి సరిపెట్టి చూడండి. మొదట మీట–మడమ దూరం చూడాలి. మోచేయి వంచి, మడమని మోచేతి మడతలో ఆనిస్తే చూపుడువేలు మీటకి హాయిగా అందాలి. ఇది ఉజ్జాయింపు కొలత మాత్రమే, నిలబడి భుజానికి పెట్టాక మళ్లీ చూడండి. అందకపోతే స్పేసర్ తీయండి, వేలు మరీ దాటిపోతే స్పేసర్ పెట్టండి. తర్వాత చెంపదిండు ఎత్తు. ఆ తర్వాతే పైమడమ, కిందిమడమ వంపు. పైమడమని వంచమంటే పైఅంచుని మాత్రమే వంచాలి, మడమ మొత్తాన్ని జరపకూడదు. ఒక రోజు ఒక్కటే మార్చండి, మార్చే ముందు పాత కొలత నోట్‌బుక్కులో రాసుకోండి. ఇవన్నీ చేశాక కూడా కుదరకపోతే అప్పుడు కొత్త కొయ్య గురించి కోచ్‌ని అడగండి.'

పొద్దున ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. 'నాన్నా, పైమడమ అని ముందే రాసుంటే బాగుండేది' అంది. రైఫిల్ తెచ్చి, పైఅంచు మీద పెన్సిల్‌తో 'పై' అని, కింది అంచు మీద 'కింది' అని రాసి, క్లాసుకి వెళ్లింది.

ఇక మిగిలింది బెడ్డింగ్. రైఫిల్ లోహపు భాగం కొయ్యలో సందు లేకుండా ఆనడాన్ని మెకానిక్‌లు 'సరిగ్గా కూర్చుంది' అంటారు కదా. దానికి 'కూర్పు' అనవచ్చా, లేక అది కవిత్వానికే వదిలేయాలా?