అప్‌డేట్: బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఎస్‌సీసీ పరీక్షని ఎలా చూడాలి?

బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు ఎస్‌సీసీ యాంటిజెన్ (ఈ రకం కణితి రక్తంలోకి వదిలే ప్రోటీన్, క్యాన్సర్ మార్కర్‌గా రక్తపరీక్షలో చూస్తారు) 2.8 వచ్చింది, తర్వాత దాన్ని ఎలా చూడాలి అని అడిగాను కదా. తేలినది ఇది.

చాలా ల్యాబులు మిల్లీలీటరుకు 1.5 నానోగ్రాములు దాటితే ఎక్కువంటాయి. పరీక్ష కిట్టు మారితే అంకె మారుతుంది కాబట్టి ఆపరేషన్‌కి ముందు, తర్వాత రెండుసార్లూ ఒకే ల్యాబులో చేయించండి. ముందే నార్మల్‌గా ఉన్నవాళ్ళకి తర్వాత నార్మల్ వచ్చినా ధీమా పడకూడదు, వాళ్ళ కణితి ఈ ప్రోటీన్‌ని రక్తంలోకి పెద్దగా వదలడం లేదంతే.

కణితి మొత్తం తీసేస్తే విలువ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. పడకపోతే కంగారు పడేముందు శాంపిల్ సంగతి చూడాలి. లాలాజలంలో, చర్మంలో ఈ ప్రోటీన్ రక్తంలో కంటే చాలా ఎక్కువ. మూత తీసిన ట్యూబులో ఒక్క ఉమ్మి తుంపర పడినా అంకె ఎగబాకుతుంది. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోయినా అంతే, అందుకే క్రియాటినిన్ కూడా పక్కనే చూడాలి. సోరియాసిస్, ఎగ్జిమా ఉన్నా పెరుగుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబువాళ్ళకి చెప్పండి, కొన్ని మెషీన్లలో రిజల్ట్ తప్పుగా వస్తుంది.

హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) డీఎన్‌ఏ రక్తపరీక్ష గురించి కొందరు రాశారు. అది ఆ వైరస్ వల్ల టాన్సిల్, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్లకి. గుట్కా, ఖైనీతో వచ్చిన బుగ్గ పుండుకి సాధారణంగా పనికిరాదు.

మార్కర్ నార్మల్ అని చెకప్ మాత్రం మానొద్దు. మొదటి ఏడాది 1 నుంచి 3 నెలలకోసారి డాక్టరు నోరు చూసి, మెడ తడిమి చూడాల్సిందే. మెడలో కొత్త గడ్డ తగిలితే రిపోర్టులో ఏమున్నా సరే, సూది పరీక్షకి వెంటనే వెళ్ళండి.