మన జిల్లా పిల్లల చదువు పడిపోయిందని అంకెలు రుజువు చేస్తున్నాయా?

పర్లాకిమిడి మాస్టారు:
మన తెలుగు సంఘం సభలో ఒక వక్త, పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వేను చూపి, ఒడిశాలోని మన గజపతి జిల్లా ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవడంలో రాష్ట్ర సగటుకన్నా ఎంతో వెనకబడ్డారని, కిందటి సర్వే నాటికన్నా ఇంకా దిగజారారని చెప్పారు. చూడబోతే 2023, 2024లో రాష్ట్రంలో పదో తరగతి ఉత్తీర్ణత మాత్రం 96 శాతం చుట్టూ ఉంది. ప్రమాణాల పతనానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

గుణుపురం లెక్చరరు:
మాస్టారూ, ఉత్తీర్ణత శాతాన్ని నేనూ నమ్మను. నా పేచీ జిల్లా అంకెతోనే. అసర్ వారు జిల్లాకు 30 గ్రామాల్లో, గ్రామానికి 20 ఇళ్ల చొప్పున, 600 ఇళ్లకు మాత్రమే వెళతారు. వాటిలో ఐదో తరగతి పిల్లలు కొద్దిమందే దొరుకుతారు కనుక జిల్లా పట్టికల్లో మూడు నుంచి ఐదు తరగతులను కలిపి ఒకే అంకె ఇస్తారు. మూడో తరగతి పిల్లలు కూడా ఉన్న ఆ అంకెను రాష్ట్రపు ఐదో తరగతి అంకె పక్కన నిలబెడితే దాదాపు ఏ జిల్లా అయినా వెనకబడినట్టే కనిపిస్తుంది. పోనీ, ఐదో తరగతివారే 60 మంది దొరికారనుకున్నా, 50 శాతం దగ్గరి ఫలితానికి అటూ ఇటూ 13 శాతం పాయింట్ల సందేహం ఉంటుంది. రెండు సర్వేల మధ్య తేడాకైతే అది 18 దాకా పోతుంది. సభలో చప్పట్లు కొట్టిన అధ్యాపకుల్లో ఒక్కరూ ఈ సంగతి అడగలేదు. నాకైతే దిగజారుడు అక్కడ కనిపించింది.

పర్లాకిమిడి మాస్టారు:
నమూనా చిన్నదన్న సాకుతో నిజాన్ని కప్పిపుచ్చడం తగదు. దేశం మొత్తాన్నే చూడండి: గ్రామీణ ఐదో తరగతిలో ఆ పాఠం చదవగలిగినవారు 2018లో సుమారు 50 శాతం, 2022లో 42.8 శాతం.

బరంపురం పరిశోధకురాలు:
మాస్టారూ, 2024ను ఎందుకు వదిలేశారు? అప్పటికి 48.8 శాతం. కరోనాలో బడులు మూతబడినప్పుడు తగ్గింది, తెరిచాక చాలావరకు కోలుకుంది. సగంమంది చదవలేకపోవడం సిగ్గుచేటే, కానీ అది కొత్తగా వచ్చిన జబ్బు కాదు.

అయినా వక్తనొక్కరినే ఏమనగలం? అంకెలను ఇలా వాడుకోవడం మా పరిశోధనల్లోనూ ఉంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించాలంటే ముందుగా ఒక పత్రం అచ్చు కావాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టి, 2022లో తొలగించింది. ఈలోగా డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. అసలు సంబంధమే లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశాన్ని పీ విలువ అంటారు; అది 0.05 కన్నా తగ్గాలన్నది 1925లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ వీలు కోసం సూచించిన హద్దు. ఫలితం ఆ హద్దు దాటినంత మాత్రాన శాస్త్ర నిర్ణయాలు చేయరాదని అమెరికా గణాంక సంఘం 2016లో హెచ్చరించింది. అసలు సంబంధమే లేని 20 విషయాలను పరీక్షించినా సగటున ఒకటి ఆ హద్దు దాటుతుంది. మా సిద్ధాంత గ్రంథాల్లో ఆ ఒక్కటే అధ్యాయమవుతుంది, మిగతా పంతొమ్మిది మాయమవుతాయి.

గుణుపురం లెక్చరరు:
వచ్చే సభకు ముందు ఒక ఊరి ఐదో తరగతి పిల్లలందరి చేతా ఒడియాలోనూ తెలుగులోనూ విడివిడిగా చదివిద్దాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఉన్న మన పిల్లలకు చదవడం రాదా, ఆ భాషలో చదవడం రాదా అన్నది జిల్లా పట్టికలో తేలదు. మాస్టారూ, ఊరు మీరే ఎంచండి.