ఖోండలైట్‌లో మడతల తరాలను వేరు చేయడం ఎలా?

ప్రశ్న:
విశాఖపట్నం పరిసర కొండల్లో ఖోండలైట్‌ను (తీవ్రమైన వేడి, ఒత్తిడి వల్ల మారిన అవక్షేప శిలను) పరిశీలిస్తున్నాను. గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలు ఎక్కువగా ఉన్న ముదురు పట్టీలూ, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఎక్కువగా ఉన్న తెల్లని పట్టీలూ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తున్నాయి. వీటిని తొలినాటి అవక్షేప పొరలుగా భావించి, వాటిలోని మడతలను మొదటి తరం (అన్నిటికంటే ముందు పడిన) మడతలుగా నమోదు చేయవచ్చా?

మొదటి సమాధానం:
అలా నమోదు చేయవద్దు. ఖోండలైట్‌కు మూలం బంకమన్ను ఎక్కువగా ఉన్న అవక్షేపాలే అయినా, తూర్పు కనుమల్లో అనేక చోట్ల ఈ శిలలు 900 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడికి గురై పాక్షికంగా కరిగాయి కూడా. మీరు చూసిన తెల్లని పట్టీల్లో కొన్ని అలా కరిగిన పదార్థం గడ్డకట్టగా ఏర్పడినవి కావచ్చు. అంతటి వేడిలో జరిగే విరూపణలో (ఒత్తిడికి శిల ఆకారం మారడంలో) పాత పొరలు సాగి, తెగి, కొత్తగా ఏర్పడే ఫోలియేషన్‌కు (విరూపణలో ఖనిజాలు వరుసగా అమరి ఏర్పడే పొరల తీరుకు) సమాంతరంగా ఒదిగిపోతాయి. అందువల్ల పట్టీని ముందు ఫోలియేషన్‌గానే తీసుకోండి. దానిని వంచిన మడత కనీసం రెండో తరానికి చెందుతుంది. మొదటి తరం మడతలు పట్టీల నడుమ, భుజాలు (మడతకు రెండు పక్కలు) దాదాపు సమాంతరంగా నొక్కుకుపోయి, తెగిన కొక్కేల్లా అక్కడక్కడ మిగిలి ఉంటాయి. ఫోలియేషన్ ఆ కొక్కెం అక్షతలానికి (మడతను మలుపు వద్ద రెండుగా విడదీసే తలానికి) సమాంతరంగా సాగుతుంటే, రెండూ ఒకే విరూపణలో ఏర్పడ్డాయని చెప్పడానికి అది బలమైన ఆధారం.

రెండో సమాధానం:
పై సమాధానంతో ఏకీభవిస్తూ, మడత మలుపు దగ్గర సిల్లిమనైట్ సూదులను లెన్సుతో తప్పక చూడమని కోరుతున్నాను. అవి మలుపు వెంట వంగి ఉంటే మడత కంటే ముందువి. అక్షతలం వెంట కొత్త సూదులు పెరిగి ఉంటే, మడత పడే వేళకు శిల ఇంకా బాగా వేడిగానే ఉందన్నమాట. అయితే వంగిన సూదులు తర్వాత పునఃస్ఫటికీకరణ చెంది (మళ్లీ కొత్త స్ఫటికాలుగా మారి), నిటారు ముక్కలు వంపుగా పేర్చినట్టు మారిపోవచ్చు. అది పలుచని శిలాఛేదాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తేనే తేలుతుంది.

మూడో సమాధానం:
అక్షాల (మడత మలుపు సాగే గీతల) దిశను మాత్రమే చూసి తరాలను విడదీయకండి. రెండు తరాల అక్షాలు దాదాపు ఒకే దిశలో ఉన్నప్పుడు కంపాస్ కొలతలు వాటిని వేరు చేయలేవు. ఒక మడతను మరో మడత తిరిగి వంచిన చోటు దొరకాలి. చిన్న మడతలు ఎస్ ఆకారంలో ఉన్నాయో, జడ్ ఆకారంలో ఉన్నాయో రాసేటప్పుడు ఎల్లప్పుడూ అక్షం దిగే వైపుకే చూస్తూ రాయండి, ఎందుకంటే ఎదురు వైపు నుంచి చూస్తే ఎస్ జడ్‌గా కనిపిస్తుంది. ఫెల్డ్‌స్పార్ మట్టిగా మారిన ఎర్రని పైభాగంలో కాకుండా, కొత్తగా కోసిన రోడ్డు అంచుల్లో కొలతలు తీసుకోవడం మేలు. దొర్లిపడిన బండల మీద స్ట్రైక్ (పొర సాగే దిశ), డిప్ (పొర వాలు) అసలే కొలవకూడదు.