పీనియల్ గ్రంథి విషయంలో డెకార్ట్ తప్పింది కోతలోనా, తర్కంలోనా?

పాతపుటలు: ఆత్మ శరీరాన్ని కదిపేది మెదడు నడుమనున్న పీనియల్ గ్రంథి దగ్గరే అని ఫ్రెంచ్ తత్త్వవేత్త డెకార్ట్ 1649లో రాశాడు. కోసి చూడక చేసిన తప్పా ఇది, ఆలోచనలోనే ఉన్న తప్పా?

నాడీసూత్రం: కోసి చూడలేదనకండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో కసాయివాళ్ల దగ్గర పశువుల భాగాలు తెప్పించుకుని కోసేవాడు. అయినా అది శరీరశాస్త్రపు తప్పే. ఆ గ్రంథి అటూ ఇటూ వాలుతుందనీ, వాలినప్పుడల్లా నాడుల్లోకి పోయే సూక్ష్మద్రవం దారి మారి కండరం కదులుతుందనీ ఆయన లెక్క. 1665లో పారిస్ ఉపన్యాసంలో డెన్మార్క్ శరీరశాస్త్రవేత్త స్టెనో తేల్చేశాడు: గ్రంథి చుట్టూ ఉన్న భాగాలకు అతుక్కుని ఉంది, వాలే వీలే లేదు. ఇంకేం మిగిలింది?

తర్కపాఠి: అసలు ప్రశ్నే మిగిలింది. ఆ గ్రంథినే ఎందుకు పట్టుకున్నాడు? కళ్లు రెండు, చెవులు రెండు, మెదడులో దాదాపు ప్రతి భాగమూ జంటే. కనబడే దృశ్యం మాత్రం ఒకటి. రెండు బొమ్మలూ ఒకటయ్యే చోటు కావాలి, జంట లేనిదిగా ఆయనకు అదొక్కటే కనబడింది. మన న్యాయదర్శనం వాళ్లు, నైయాయికులు, మనస్సు అణువంత చిన్నదన్నదీ ఇలాంటి చిక్కు తీర్చడానికే. ఇంద్రియాలన్నీ సిద్ధంగా ఉన్నా జ్ఞానాలు ఒకేసారి పుట్టవు, కాబట్టి మనస్సు ఒక క్షణంలో ఒక ఇంద్రియంతోనే కలుస్తుందన్నారు. మరి ఒకేసారి చూస్తూ వింటున్నట్టుంటుందే అంటే, వంద తామరరేకులు దొంతర పెట్టి సూదితో గుచ్చమన్నారు. అన్నిటికీ ఒక్కసారే చిల్లు పడ్డట్టుంటుంది, పడేది ఒకదాని తర్వాత ఒకటి.

ఒక్కమాట: మీమాంసాదర్శనంలో కుమారిల భట్టు దారివాళ్లు, భాట్ట మీమాంసకులు, మనస్సు విభువు, అంటే అంతటా వ్యాపించినది, అన్నారు. అదీ చెప్పండి.

నాడీసూత్రం: పీనియల్ గురించి అడిగితే తామరరేకులా? స్టెనో దాకా కూడా అక్కర్లేదు. ఆ గ్రంథి కవాటంలా ద్రవాన్ని నడుపుతుందన్న వాదాన్ని రెండో శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు గేలెన్ కొట్టేశాడు, అది తనంతట కదలలేదని. పంది గొంతుకు పోయే నరాలకు దారం బిగించి అరుపు ఆపి, దారం విప్పి మళ్లీ అరిపించినవాడాయన. మనసుకు చోటు మెదడు కాదు, గుండె అని అరిస్టాటిల్ వేసిన పీట కదిలింది ఆ దారంతోనే.

పాతపుటలు: పూర్తిగా కదల్లేదండీ. పదకొండో శతాబ్దంలో పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా కూడా గుండెనే మూలంగా ఉంచి, పనులు మాత్రం మెదడు గదులకు పంచాడు. ఊహ ముందు, జ్ఞాపకం వెనక.

తర్కపాఠి: నాడీసూత్రం గారూ, మీకు ఏ దారైనా కత్తి దగ్గరే ఆగుతుంది. స్టెనోకి 22 ఏళ్ల ముందే, 1643లో, బొహీమియా రాకుమారి ఎలిజబెత్ డెకార్ట్‌ని నిలదీసింది: విస్తీర్ణమే లేని, అంటే చోటే ఆక్రమించని, ఆత్మ శరీరాన్ని ఎలా తోస్తుంది, తోయాలంటే తగలాలి కదా అని. ఏదీ తగలకుండానే వస్తువును కిందికి దించే బరువును ఆయన ఉదాహరణగా చూపాడు. ఆమె ఒప్పుకోలేదు. దానికంటే ఆత్మే పదార్థమని ఒప్పుకోవడం సులువంది. గ్రంథి చక్కగా వాలినా ఈ ప్రశ్న చెక్కుచెదరదు.

నాడీసూత్రం: ప్రశ్న చెక్కుచెదరదు, జవాబూ రాదు! ఇన్ని శతాబ్దాలుగా మీవాళ్లు చేసింది అదే. ఫ్రెంచ్ వైద్యుడు బ్రోకా దగ్గరికొచ్చిన రోగి ‘టాన్’ అన్న ఒక్క ముక్కే పలికేవాడు, ఎదుటివాళ్ల మాట మాత్రం అర్థమయ్యేది. 1861లో అతను చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. మనసు గురించి తెలియడమంటే ఇది.

తర్కపాఠి: అదీ మన తగాదా. ఏది చెడితే ఏది పోతుందో తెలిస్తే మనసు తెలిసిపోయిందంటారు మీరు. అది చోటు తెలియడమంటాను నేను. రంగును ఒక భాగం, కదలికను మరో భాగం పట్టుకుంటాయని మీ శాస్త్రమే చెప్తోంది. అవి కలిసే ఒక్క చోటేదీ?

నాడీసూత్రం: ఒక్క చోట కలవాలని ఎవరన్నారు? దృశ్యం ఒకటైనంత మాత్రాన అది ఒక్క చోటే తయారవ్వాలా? డెకార్ట్ అడుగు తప్పింది అక్కడే.

ఒక్కమాట: అయితే తప్పు తర్కంలోనే అని మీరే అన్నారు.

నాడీసూత్రం: అన్నాను. పట్టించింది మాత్రం కోత.

తర్కపాఠి: ఎలిజబెత్ ఏ కోతా లేకుండానే పట్టుకుంది.

నాడీసూత్రం: ఆమె పట్టుకున్నది వేరే తప్పు. ఆత్మ ఎలా తోస్తుందని అడిగింది, రెండు బొమ్మలు ఎలా కలుస్తాయని కాదు. ఆ రెంటినీ మీరు మొదటినుంచీ ఒకే మూటలో కడుతున్నారు.