కాన్‌స్ట్ ఫంక్షన్‌లో మ్యాప్‌ను చదవడం: మ్యూటబుల్ అనడం సబబేనా?

అమీర్‌పేట విద్యార్థి:
హైదరాబాద్ మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు ఉన్న 27 స్టేషన్ల పేర్లను కీలుగా, వరుస సంఖ్యలను విలువలుగా ఒక మ్యాప్‌లో (కీ ఇస్తే దాని విలువ చెప్పే పట్టికలో) పెట్టి సి ప్లస్ ప్లస్‌లో ఒక క్లాసు రాశాను. పేరు ఇస్తే సంఖ్య చెప్పే ఫంక్షన్ దేనినీ మార్చదు కనుక దానిని కాన్‌స్ట్ (క్లాసులోని డేటాను మార్చనని కంపైలర్‌కు ఇచ్చే మాట) చేశాను. స్క్వేర్ బ్రాకెట్లతో మ్యాప్‌ను చదివే లైను దగ్గర కంపైలర్ ఎర్రర్ ఇచ్చింది. మ్యాప్‌ను మ్యూటబుల్‌గా (కాన్‌స్ట్ ఫంక్షన్‌లోనూ మార్చదగినదిగా) ప్రకటిస్తే ఎర్రర్ పోయింది. ఇందులో తప్పేమైనా ఉందా?

కూకట్‌పల్లి కోడర్:
ఉంది. మీ ఫంక్షన్ దేనినీ మార్చదన్నదే మొదటి పొరపాటు. స్క్వేర్ బ్రాకెట్ ఆపరేటర్ అడిగిన కీ లేకపోతే దానిని డిఫాల్ట్ విలువతో మ్యాప్‌లో చేర్చి, ఆ విలువకు రిఫరెన్స్ ఇస్తుంది; అందుకే దానికి కాన్‌స్ట్ రూపం లేదు. మీ మ్యాప్‌లో ‘అమీర్‌పేట్’ ఉండగా ఎవరైనా ‘అమీర్‌పేట’ అని అడిగితే (మన ఊళ్లో రెండూ రాస్తారు, మీ పేరే సాక్ష్యం) సున్నా సంఖ్యతో 28వ స్టేషన్ పుట్టుకొస్తుంది. మ్యూటబుల్ దానిని ఆపదు, కంపైలర్ నోరు మూయిస్తుందంతే. ఫైండ్‌తో వెతికి, వచ్చిన ఇటరేటర్ (దొరికిన చోటును చూపే గుర్తు) ఎండ్‌తో (మ్యాప్ చివరను దాటిన చోటుతో) సమానమైతే స్టేషన్ లేదని చెప్పండి.

మాదాపూర్ పాఠకుడు:
ఇక్కడ మ్యూటబుల్ తప్పేనని ఒప్పుకుంటాను, కానీ దానిని బొత్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. ఒకసారి లెక్కగట్టిన ఛార్జీలను దాచుకునే క్యాష్‌కు అది తగినదే. పైగా ఫైండ్ కన్నా సి ప్లస్ ప్లస్ 11లో వచ్చిన ఎట్ పొట్టిది. కీ లేకపోతే అవుట్ ఆఫ్ రేంజ్ ఎక్సెప్షన్ (కోడ్ మామూలు దారిని ఆపే లోపం సంకేతం) విసురుతుంది.

కూకట్‌పల్లి కోడర్:
క్యాష్ మాట సరే, దానికి లాక్ (ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే కాపలా) కూడా ఉంటే. కాన్‌స్ట్ ఫంక్షన్లను పలు థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పనులు) ఒకేసారి పిలిచినా ఇబ్బంది ఉండదని 2011 ప్రమాణం నుంచి స్టాండర్డ్ లైబ్రరీ భరోసా ఇస్తోంది, మన క్లాసుల నుంచీ చదివేవారు అదే ఆశిస్తారు. ఎట్‌తో నా పేచీ వేరు: ప్రయాణికులు పేర్లు తప్పుగా టైపు చేయడం రోజూ జరిగేదే, దానికి ఎక్సెప్షన్ దేనికి? సి ప్లస్ ప్లస్ 20లోని కంటెయిన్స్‌తో ముందే చూసుకుని ఆపై ఎట్ పిలిస్తే, ఒకే పేరు కోసం రెండుసార్లు వెతికినట్టవుతుంది.

అమీర్‌పేట విద్యార్థి:
మ్యూటబుల్ తీసేసి, ఫైండ్‌తో వెతికి ఆప్షనల్ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే రకం) తిరిగిచ్చేలా మార్చాను. తీయగానే, ఛార్జీ లెక్కించే మరో కాన్‌స్ట్ ఫంక్షన్‌లోనూ అదే ఎర్రర్ బయటపడింది. అక్కడికి వచ్చే పేర్లు అప్పటికే సరిచూసినవి కనుక ఎట్ వాడాను.