వీబీ6 ప్రోగ్రామును ఇప్పుడు దేనిలోకి మార్చుకోవాలి?

పాతవీబీ:
నమస్కారం. నేను లైబ్రేరియన్‌ని, ప్రోగ్రామర్‌ని కాను. 2003లో పుస్తకం చూసి నేర్చుకుని, మా లైబ్రరీ కోసం వీబీ6లో, అంటే మైక్రోసాఫ్ట్ వారి పాత భాష విజువల్ బేసిక్ 6లో, ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఎవరికి ఏ పుస్తకం ఇచ్చాం, ఎప్పటికి తిరిగి రావాలి, అంతే దాని పని. 14 ఫారాలు (తెరమీది కిటికీలు), వెనక డేటా దాచే ఒక యాక్సెస్ ఎండీబీ ఫైలు. ఇప్పటికీ నడుస్తోంది. కంప్యూటర్ మార్చినప్పుడల్లా మాత్రం ఏదో ఒక ఓసీఎక్స్ (ఫారం మీది కంట్రోల్ ఉండే ఫైలు) రిజిస్టర్ కాలేదని మొరాయిస్తుంది, దాన్ని బతిమాలుకోవడం నాకు అలవాటైపోయింది.

అసలు బాధ వేరే. పుస్తకాల పేర్లు తెలుగులో పెడదామంటే టెక్స్ట్‌బాక్స్‌లో అన్నీ ప్రశ్నార్థకాలే. అందుకని ఇన్నేళ్లూ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పేర్లు కొడుతూ వచ్చాం. ఒకే పుస్తకం మూడు స్పెల్లింగులతో మూడుచోట్ల ఉంది.

నాకు కావలసింది ఫారం మీద బటన్ లాగి పెట్టి, డబుల్ క్లిక్ చేసి కోడ్ రాసుకునే పాత పద్ధతే. కౌంటర్‌లోని రెండు కంప్యూటర్లలో విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా నడవాలి. మేనల్లుడు ఎలక్ట్రాన్ అంటున్నాడు, వెబ్ పేజీల పద్ధతిలో కంప్యూటర్ ప్రోగ్రాములు చేసే సాధనమట. నా వయసు 54. ఇంకొక్క భాష నేర్చుకోగలను, రెండైతే నా వల్ల కాదు.

తోకపాము:
పైథాన్, ఇంకో ఆలోచన వద్దు. ఫారాలు చేసే పైసైడ్6 కిట్ పెట్టుకుంటే, వాటిని గీసుకునే క్యూటీ డిజైనర్ దానితోపాటే వస్తుంది, తెలుగు వత్తులు, గుణింతాలు చక్కగా కనిపిస్తాయి. అలాంటిదే ఇంకో కిట్ టికింటర్ జోలికి వెళ్లకండి, దానికి సొంత డిజైనర్ లేదు. ఈఎక్స్ఈ (నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఫైలు) కావాలంటే అలా ప్యాక్ చేసే పైఇన్‌స్టాలర్ ఉంది.

సెమీకోలన్:
పైథాన్ మంచి భాషే. కానీ పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా చేసిన ఈఎక్స్ఈ తెరిచిన ప్రతిసారీ తనను తాను టెంప్ ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది. అందుకే మొదలవడం ఆలస్యం. పైగా యాంటీవైరస్‌లు ఇలాంటి ఫైళ్లను తరచూ అనుమానిస్తాయి. నేను చేసిచ్చిన ఒక ప్రోగ్రామును యాంటీవైరస్ రాత్రికి రాత్రి తీసేసింది. పొద్దున్నే ఫోన్, "మీ బొమ్మ మాయమైంది" అని.

పాతవీబీ గారూ, మీ డేటా జోలికి ఇప్పుడే వెళ్లకండి. వీబీ6 స్ట్రింగులు (అక్షరాల వరుసలు) లోపల యూనికోడ్‌వే, తెలుగూ పట్టేవే. తెరమీద కనిపించే కంట్రోల్సే (టెక్స్ట్‌బాక్స్, బటన్ లాంటివి) పాత ఆన్సీ పద్ధతిలో, అంటే కొన్ని భాషలకు ఒక అక్షరపట్టిక (కోడ్‌పేజీ) చొప్పున వాడే పద్ధతిలో ఉన్నాయి. విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్‌పేజీయే లేదు కాబట్టి సెట్టింగులు ఎన్ని తిప్పినా ఆ ప్రశ్నార్థకాలు పోవు. మీ ఎండీబీ యాక్సెస్ 2000 ఫార్మాట్‌లోనిదైతే తెలుగును ఇప్పుడే దాచుకోగలదు. 97 నాటిదైతే ముందు కన్వర్ట్ చేయాలి. అంటే మార్చాల్సింది ఫారాలను మాత్రమే.

మీరు చెప్పిన పద్ధతికి దగ్గరగా ఉండేది సీషార్ప్ భాష, దానితో ఫారాలు చేసే విన్‌ఫారమ్స్. విజువల్ స్టూడియో కమ్యూనిటీ దించుకోండి. విజువల్ స్టూడియో కోడ్ వేరు, పేరు చూసి పొరపడకండి. దానిలో విన్‌ఫారమ్స్ డిజైనర్ ఉండదు. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 (సీషార్ప్ ప్రోగ్రామును నడిపించే రన్‌టైమ్) ఎంచుకోండి. కొత్త డాట్‌నెట్ ఉండగా ఇదెందుకంటారేమో. కొత్తదానిలో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా నడిచేలా ప్యాక్ చేస్తే చిన్న ఫారానికి కూడా ఫైలు 100 ఎంబీ దాటుతుంది. 4.8 అయితే విండోస్ 10 కొత్త వెర్షన్లలోనూ 11లోనూ ముందే ఉంటుంది, మీ ఈఎక్స్ఈ కేబీల్లో తేలిపోతుంది.

ఒక్క గొయ్యి ఉంది, నేను రెండు రోజులు అందులోనే ఉన్నాను. ఎండీబీని తెరిచే జెట్ 4.0 ప్రొవైడర్ 32 బిట్‌ది మాత్రమే. ప్రోగ్రామ్ 64 బిట్‌గా నడిస్తే ప్రొవైడర్ రిజిస్టర్ కాలేదని ఎర్రర్ వస్తుంది, మనమేమో కనెక్షన్ స్ట్రింగ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం. ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లో ప్లాట్‌ఫామ్ టార్గెట్‌ను ఎక్స్86 చేయండి, అయిపోతుంది.

ఎలక్ట్రాన్ చెడ్డదని అనను, విజువల్ స్టూడియో కోడ్ దానితో చేసిందే. కానీ హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ మూడూ పట్టుకోవాలి. 14 ఫారాల కోసం ఒక క్రోమియం బ్రౌజర్‌ను మోయాలి. మేనల్లుడు పక్కనే కూర్చుంటానంటే సరే.

బిగిన్_ఎండ్:
లాజరస్‌ను ఎవరూ తలవలేదేం? పాస్కల్ భాషలో ప్రోగ్రాములు చేసే సాధనం, ఉచితం, ఫారం డిజైనర్ అచ్చం పాత వీబీలా ఉంటుంది, ఈఎక్స్ఈకి ఏ రన్‌టైమూ అక్కర్లేదు. మొదటిసారి ఫైలు సైజు చూసి కంగారుపడకండి, అదంతా డీబగ్ సమాచారం. తీసేస్తే కొన్ని ఎంబీలకు దిగుతుంది.

తెలుగు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. ఇందులో స్ట్రింగులు యూటీఎఫ్8, అంటే ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. "తె" అనే ఒక్క అక్షరానికి లెంగ్త్ అడిగితే 6 అంటుంది. పేరులో మొదటి 20 అక్షరాలు కావాలని మామూలు కాపీ ఫంక్షన్ వాడితే అక్షరం మధ్యలో తెగి చెత్త ప్రింటవుతుంది. యూటీఎఫ్8కాపీ వాడాలి.

సెమీకోలన్:
సీషార్ప్‌లోనూ ఆ అక్షరం 2 అంటుంది లెండి, త, ఎత్వం వేరువేరుగా లెక్క. రెండింటి మధ్య తెంపితే ఎత్వం పోతుంది. అన్నట్టు, లాజరస్‌కు ఒరవడి డెల్ఫీ అనే పాస్కల్ సాధనం. దానికి చీఫ్ ఆర్కిటెక్ట్‌గా ఉన్న ఆండర్స్ హెల్స్‌బర్గే తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్లి సీషార్ప్ రూపొందించాడు. ఏది పట్టుకున్నా మీకు మరీ కొత్తగా ఉండదు.

తోకపాము:
ఎండీబీ ఎందుకు ఇంకా, ఎస్‌క్యూలైట్‌కు (అదీ ఒకే ఫైలులో ఉండే డేటాబేసే) మార్చేయవచ్చుగా?

సెమీకోలన్:
రెండు కంప్యూటర్లూ ఒకే షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైలును రాస్తున్నాయనుకుంటాను. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి అలా వాడొద్దని ఎస్‌క్యూలైట్ వాళ్లే చెబుతారు, లాకింగ్‌తో తంటా. మార్చాలంటే సర్వర్ డేటాబేసుకే మార్చాలి. అది ఫారాలన్నీ అయ్యాక చూసుకోవచ్చు.

పాతవీబీ:
అవును, షేర్డ్ ఫోల్డరే. మీరు చెప్పకపోతే ఎస్‌క్యూలైట్‌లో దూకేవాణ్ని.

శని, ఆదివారాలు కూర్చున్నాను. రెండింటిలోనూ ఒకే ఫారం, పుస్తకం వెతికేది, చేసి చూశాను. లాజరస్‌లో గంటన్నరలో అయింది, చేతికి బాగా నప్పింది. సీషార్ప్‌లో పూట పట్టింది, చిన్నబడి పెద్దబడి అక్షరాల తేడాతో ఎర్రర్లు తిన్నాను. అయినా సీషార్ప్‌కే వెళ్తున్నాను. ఎక్కడైనా ఆగిపోతే ఇంట్లోనే మేనల్లుణ్ని అడగొచ్చు, పాస్కల్ వాడికి రాదు. ఎక్స్86 మాట ముందే తెలియడంతో ఎండీబీ ఒక్క దెబ్బకు తెరుచుకుంది. మాది 97 ఫార్మాట్, కన్వర్ట్ చేశాను. కాపీ మీదే లెండి.

ఒకే పుస్తకానికి వేరువేరు స్పెల్లింగులున్నవి ఇప్పటికి 212 దొరికాయి. వాటిని మాత్రం ఒక్కొక్కటీ చూసి చేత్తోనే కలపాలి.